అభేద్య కవచానికి సందు ఎక్కడ?

ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: మంత్రం వేసిన కవచం అసలు ఏం చేయాలి? దెబ్బ తగలకుండా చూడాలా, తగిలిన దెబ్బ బలం తగ్గించాలా, తొడుక్కున్నవాడికి కొత్త శక్తి ఏదైనా ఇవ్వాలా? యాభై ఏళ్లుగా గేమ్ డిజైనర్లు దీనికి రకరకాల జవాబులు చెబుతూ వచ్చారు. అంతకు చాలా ముందే మన భారత భాగవతాలు, జానపద కథలు కూడా చెప్పాయి. ఈ రెండు వైపుల జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడాలని ఈ వ్యాసం.

ఆ పని మొదలుపెట్టడానికి విజయవాడ సరైన ఊరు. దసరాకు కనకదుర్గమ్మకు చేస్తూ వచ్చిన అలంకారాల్లో స్వర్ణకవచాలంకృత దుర్గాదేవి ఒకటి. చాలా ఏళ్లు నవరాత్రుల తొలిరోజు దర్శనం ఈ రూపంలోనే జరిగింది. అవే తొమ్మిది రోజులూ ఇళ్లలో దేవీకవచం పారాయణ చేస్తారు. ఒకటి బంగారు కవచం, మరొకటి మాటలతో అల్లిన కవచం. అర్జునుడు తపస్సు చేసి పాశుపతాస్త్రం పొందింది అమ్మవారి గుడి ఉన్న ఈ ఇంద్రకీలాద్రి మీదేనని స్థలపురాణం. కవచాలూ అస్త్రాలూ వాటి నియమాలూ ఇక్కడివాళ్లకు చిన్నప్పటి నుంచి విన్న సంగతులే.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. పాత్ర ఏం చేస్తుందో ఆడేవాళ్లు నోటితో చెబుతారు. ఫలితం తేలని చోట, ముఖ్యంగా పోరాటంలో, పాచిక వేస్తారు. కవచం విలువ తేలేది ఆ పాచిక దగ్గరే.

అంకెల కవచం

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట అచ్చులోకి వచ్చింది. అందులో రక్షణకు కొలత ఆర్మర్ క్లాస్. ఈ ఆలోచన యుద్ధ నౌకల ఆటల నుంచి వచ్చిందని ఆర్నెసనే చెప్పాడు. మామూలు కవచం ఒక స్థాయి రక్షణ ఇస్తే, మంత్రం వేసింది దానికి ఒకటో రెండో కలుపుతుంది. ‘ప్లస్ వన్ కవచం’ అనే మాట అప్పటి నుంచి ఆటగాళ్ల నోళ్లలో నలుగుతోంది.

ఈ ఒక్క అంకె చేసే పని చూద్దాం. మీ పాత్రను కొట్టాలంటే శత్రువుకు ఇరవై ముఖాల పాచిక మీద 11 లేదా అంతకు మించి పడాలనుకోండి. ఇరవైలో పది ముఖాలు అతడివి. మీరు ప్లస్ వన్ కవచం తొడిగితే అతడికి 12 కావాలి. ఇప్పుడు అతడివి తొమ్మిది ముఖాలు. అంటే తగలాల్సిన పది దెబ్బల్లో ఒకటి తప్పింది. ఇప్పుడు ఇంకో పాత్రను తీసుకోండి. ఇతడికి ముందే దిట్టమైన రక్షణ ఉంది, కొట్టాలంటే 19 పడాలి. ఇతడికి అదే ప్లస్ వన్ తొడిగితే 20 పడితేనే దెబ్బ. రెండు ముఖాలు ఒకటయ్యాయి, అంటే దెబ్బలు సగానికి సగం తగ్గాయి. అంకె అదే, ఫలితం మాత్రం ఉన్నవాడికే ఎక్కువ.

డిజైనర్లను ఇన్నేళ్లూ ఇబ్బంది పెట్టింది ఇదే. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ధరతో కళ్లెం వేసింది: ప్లస్ అంకెను దానితోనే హెచ్చవేసి, ఆ వచ్చినదాన్ని వెయ్యితో గుణిస్తే కవచం మీది మంత్రం ధర. ప్లస్ వన్‌కు 1,000 బంగారు నాణేలు, ప్లస్ టూకి 4,000, ప్లస్ ఫైవ్‌కు 25,000. 2014 నాటి ఐదో ఎడిషన్ అంకెనే కుదించి ప్లస్ త్రీ దగ్గర ఆపేసింది. దాన్ని కూడా అత్యంత అరుదైన వస్తువుల జాబితాలో చేర్చింది. లెక్క ప్రకారం రెండూ మంచి దిద్దుబాట్లే. కానీ ప్లస్ త్రీ కవచం గురించి చెప్పుకోవడానికి కథ ఏముంది? దాన్ని ఎవరు చేశారో, ఎందుకు చేశారో అంకె చెప్పదు. ఆటగాడు దాన్ని కాగితం మీద రాసుకుంటాడు, మర్నాటికి మరిచిపోతాడు.

గుణాల కవచం

అందుకే రెండో దారి పుట్టింది: అంకెకు తోడు కవచానికి ఒక గుణం. మూడో ఎడిషన్‌లో ఈ గుణాల జాబితా చాలా పెద్దది. ఫోర్టిఫికేషన్ ఉన్న కవచం మర్మస్థానాల మీద పడే దెబ్బను మామూలు దెబ్బగా మార్చేస్తుంది. చిన్న రకానికి నూటికి పాతిక వంతులు, మధ్య రకానికి డెబ్బై ఐదు, పెద్ద రకానికి నూటికి నూరు. గ్లామర్డ్ కవచం చూసేవాళ్లకు మామూలు బట్టల్లా కనిపిస్తుంది. షాడో రకం నీడలో కలిసిపోతుంది. ఘోస్ట్ టచ్ దయ్యాల దెబ్బను ఆపుతుంది. ఈ గుణాలు చేర్చాలంటే కవచం ముందు కనీసం ప్లస్ వన్ అయి ఉండాలి. అన్నీ కలిపి ప్లస్ టెన్ దాటకూడదు. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే ఆట రెండో ఎడిషన్ దీన్నే రూన్లుగా మార్చింది. కవచం మీద చెక్కే బలం రూన్ అంకె ఎంతో, అన్ని గుణం రూన్లు పడతాయి. ఒక కవచం నుంచి తీసి ఇంకో దానికి మార్చుకోవచ్చు కూడా.

అంకె కన్నా గుణం మేలు. దొంగ పాత్రకు నీడ కవచం, కొలువులో తిరిగే గూఢచారికి మామూలు బట్టల్లా కనిపించే కవచం దొరికితే ఆడే తీరే మారుతుంది. అయితే గుణాలను అంగట్లో సరుకుల్లా ఏరుకుని బిగించుకునే ఏర్పాటులో మంత్రం మహిమ పలచబడుతుంది. ఏ గుణమైనా ఏ కవచానికైనా పడుతుందంటే, ఏ కవచానికీ తనదంటూ చరిత్ర మిగలదు.

ఈ జాబితాల్లో నాకు నిజంగా నచ్చేవి శాపం ఉన్న కవచాలు. ఐదో ఎడిషన్‌లోని ఆర్మర్ ఆఫ్ వల్నరబిలిటీ మూడు రకాల దెబ్బల్లో ఒకదాన్ని సగం చేస్తుంది, మిగతా రెండింటినీ రెట్టింపు చేస్తుంది. కత్తి వేటును కాస్తే గదకూ బాణానికీ ఒళ్లు అప్పగించినట్టే. డీమన్ ఆర్మర్ తొడుక్కుంటే శాపం తీరేదాకా విప్పలేరు. వీటిని ఆటగాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. కారణం, వీటిలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది.

చోటును బట్టి రక్షణ

1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ అనే ఆట మూడో దారి పట్టింది. అందులో దెబ్బ తగిలాక అది ఒంట్లో ఏ భాగాన పడిందో మళ్లీ పాచిక వేసి తేలుస్తారు. తలకు ఎంత రక్షణ, ఛాతీకి ఎంత, ఎడమ కాలికి ఎంత అని విడివిడిగా లెక్క. శిరస్త్రాణం లేనివాడికి తల మీద దెబ్బ పడితే ఛాతీ కవచం ఎంత గొప్పదైనా ఉపయోగం లేదు.

మన కవచ స్తోత్రాల కట్టుబడి సరిగ్గా ఇదే. దేవీకవచం ముందు దిక్కులను కడుతుంది: తూర్పున ఐంద్రి, దక్షిణాన వారాహి, పడమట వారుణి, ఇలా ఎనిమిది దిక్కులకూ; పైన బ్రహ్మాణి, కింద వైష్ణవి. తర్వాత శరీరంలోకి దిగుతుంది. శిఖ, నుదురు, కనుబొమలు, ముక్కు, చెవులు, దంతాలు, గొంతు, భుజాలు, వేళ్లు, గోళ్లు, మోకాళ్లు, పాదాలు, ఎముకలు, మజ్జ; ఒక్కొక్క చోటికి ఒక్కొక్క దేవత పేరు. తల నుంచి కాలి దాకా ఏ అంగాన్నీ మరిచిపోకుండా పిలవాలన్నదే అందులో పట్టుదల. మరిచిన చోటే సందు అవుతుందన్న ఎరుక దాని వెనక ఉంది.

భాగవతం ఆరో స్కంధంలో విశ్వరూపుడు ఇంద్రుడికి ఉపదేశించిన నారాయణ కవచం ఇంకో మెట్టు ఎక్కుతుంది. నీటిలో మత్స్యమూర్తి, నేల మీద వామనుడు, ఆకాశంలో త్రివిక్రముడు, అడవిలోనూ యుద్ధరంగంలోనూ నరసింహుడు కాపాడాలని కోరుతుంది. రోజును కూడా జాములుగా విడగొట్టి పొద్దున కేశవుడికీ మధ్యాహ్నం విష్ణువుకూ అర్ధరాత్రి పద్మనాభుడికీ అప్పగిస్తుంది. చోటుతో పాటు సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న కవచం ఇది. అక్కడే ఇంకో కథ. ఈ విద్య తెలిసిన కౌశికుడనే బ్రాహ్మణుడు ఎడారిలో దేహం చాలించాడు. ఆ ఎముకల మీదుగా విమానంలో వెళ్తున్న చిత్రరథుడనే గంధర్వుడు విమానంతో సహా తలకిందులుగా నేల మీద పడ్డాడు. వాలఖిల్యులు చెప్పాక ఆ ఎముకలను సరస్వతీ నదిలో కలిపి గానీ అక్కడి నుంచి కదల్లేదు. తొడుక్కున్నవాడు పోయాక కూడా పనిచేసే కవచం! కథ నడిపేవారికి దీన్ని మించిన సరుకు ఏముంటుంది?

ఇక్కడ ఒక హద్దు గీసుకోవాలి. పారాయణ చేసేవారికి ఇవి ఉపాసన. ఆటలోకి తీసుకోదగింది కట్టుబడిని మాత్రమే. మంత్రాన్నీ బీజాక్షరాలనూ దేవత పేరునూ పాచికల లెక్కలోకి లాగకూడదు. 1980లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ దేవతల పుస్తకం భారతీయ దేవతలకు కూడా ఆర్మర్ క్లాస్ అంకెలు వేసింది. ఆ దారి మనకు అక్కర్లేదు.

భారతంలో మూడు కవచాలు

మొదటిది కర్ణుడిది. పుట్టుకతో వచ్చిన సహజ కవచం అది. ఉన్నంతకాలం కర్ణుడికి చావు లేదు. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో అడగడానికి వస్తాడని సూర్యుడు కలలో ముందే హెచ్చరించాడు. ఇస్తానన్న మాట తప్పనని కర్ణుడు పట్టుబడితే, అయితే బదులుగా శక్తి ఆయుధాన్ని అడగమని సూర్యుడే చెప్పాడు. ఇంద్రుడు ఇచ్చాడు, షరతులతో: ఒక్క శత్రువునే చంపుతుంది, తర్వాత ఇంద్రుడి దగ్గరికి తిరిగి వెళ్లిపోతుంది. అర్జునుడి కోసం దాచుకున్న ఆ ఒక్క వేటు రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. కవచం, దాని ధర, దానికి బదులుగా వచ్చినది, అది వృథా కావడం; ఒకే వస్తువు చుట్టూ మనిషి జీవితమంతా తిరిగింది. తెలుగు భారతంలో ఈ కుండలాహరణ ఘట్టం ఎర్రన చేతిలో పడింది. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1977లో దానవీరశూరకర్ణ తీసినప్పుడు పేరులో దానాన్నే ముందు పెట్టడం న్యాయమే.

రెండోది దుర్యోధనుడి శరీరం. ఘోషయాత్రలో అవమానపడి ప్రాణత్యాగానికి సిద్ధమైన దుర్యోధనుడికి దానవులు ఒక రహస్యం చెబుతారు. అతడి పై సగం శివుడు వజ్రాలతో చేశాడు, ఏ ఆయుధమూ తెగవేయలేదు. కింది సగం దేవి పువ్వులతో చేసింది. భీముడి గద ఎక్కడ పడిందో అందరికీ తెలిసిందే. గాంధారి చూపుతోనే అతడి ఒళ్లు గట్టిపడిందన్న కథ జనంలో బాగా నడిచింది గానీ, వ్యాస భారతంలో ఉన్నది ఈ వజ్రాల, పువ్వుల సంగతే.

మూడోది ఈ ప్రశ్నకు అన్నిటికన్నా పనికొచ్చేది. సైంధవ వధ నాడు అర్జునుడు వ్యూహం దాటి వెళ్లిపోయాడు. తనవల్ల కాదని దుర్యోధనుడు వాపోతే ద్రోణుడు మంత్రపూర్వకంగా అతడికి బంగారు కవచం కట్టాడు. దానికి వంశక్రమం ఉంది: వృత్రుడితో పోరుకు శివుడు ఇంద్రుడికి ఇచ్చాడు, ఇంద్రుడి నుంచి అంగిరసుడు, ఆయన నుంచి బృహస్పతి, తర్వాత అగ్నివేశ్యుడు, చివరికి ద్రోణుడు. అర్జునుడి బాణాలు దాని మీద పడి జారిపోయాయి. కృష్ణుడు ఆశ్చర్యపోతే అర్జునుడు కారణం చెప్పాడు: ఇది ద్రోణుడు కట్టిన కవచం, ఈ విద్య నాకూ తెలుసు, తొడుక్కున్నాడే గానీ దీంతో ఎలా పోరాడాలో ఇతడికి తెలియదు. దాన్ని ఛేదించే అస్త్రం వేస్తే అశ్వత్థామ దూరం నుంచే ఆ అస్త్రాన్ని తుంచేశాడు. ఆ అస్త్రం రెండోసారి వేస్తే వేసినవాడినే చంపుతుంది. అప్పుడు అర్జునుడు కవచాన్ని వదిలేసి గుర్రాలను చంపాడు, విల్లు విరిచాడు, రథం పొడి చేశాడు; చివరికి కవచం కప్పని అరచేతుల మీద, గోళ్ల సందుల్లో బాణాలు నాటాడు.

దీన్ని బల్ల మీదికి దించడం కష్టం కాదు. కట్టడం తెలిసిన గురువు కడితేనే పనిచేస్తుంది. సూర్యాస్తమయంతో కట్టు వీడుతుంది. ఈ గడువు నా చేర్పు. మొండెం మీద పడ్డ ఏ ఆయుధమూ లోపలికి దిగదు. వాహనాన్నీ చేతిలోని ఆయుధాన్నీ కాపాడదు. విద్య తెలిసిన శత్రువు దాన్ని గుర్తుపట్టి, గురి కష్టమైనా సరే, అరచేతులను కొట్టవచ్చు. తగిలితే తొడుక్కున్నవాడు ఆయుధం జారవిడుస్తాడు. ఈ నియమాలతో ఆటలో ఒక సాయంత్రం గడిచిపోతుంది. కవచాన్ని బద్దలు కొట్టలేమని తెలిశాక ఆటగాళ్లు బుర్ర పెట్టి ఆడతారు. ప్లస్ ఫైవ్ అంకె ఈ పని ఎన్నటికీ చేయలేదు.

ప్రాణం వేరే చోట

జానపద కథలకు ఒంటి మీద కవచంతో పనే లేదు. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఒంటి మీద దెబ్బ పనిచేయదు, చిలక మెడ నులిమితే చాలు. 1942 నాటి జెమినీ సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు వేసిన ఆ పాత్ర తెలుగు మాంత్రికులందరికీ పెద్దన్న. ఇందులో రక్షణ అంటే దూరం, రహస్యం. పోరాటం అన్వేషణగా మారుతుంది.

ఈ సంప్రదాయాన్ని పిల్లల దాకా చేర్చింది చందమామ. 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి దాన్ని మొదలుపెట్టిన చక్రపాణి తెనాలివారు. దశాబ్దాల పాటు దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుది కూడా తెనాలే. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ సీరియళ్లు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు చదివి పెరిగినవారికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకం కొత్త లోకంలా అనిపించదు. ఈ ఆటను ఆడించడానికి కావలసిన ఊహ కృష్ణా డెల్టా వాసులకు నెలనెలా ఇంటికొచ్చింది.

డెల్టాలో తొడుక్కుంటే

ఇంకో మాట. ఈ ఆటల్లో కవచాలన్నీ చలిదేశపు యోధుల కోసం ఊహించినవి. ఐదో ఎడిషన్‌లో ఎండ నియమం ఒకటుంది: వేడి నూరు డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే, తాగునీరు దొరకని పాత్ర గంటగంటకూ పాచిక వేసి నిలదొక్కుకోవాలి, తప్పితే నీరసం. మధ్యరకం, బరువు కవచాలు వేసుకున్నవాళ్లకు పాచిక రెండుసార్లు వేసి తక్కువ పడింది లెక్క. నూరు డిగ్రీలంటే సెల్సియస్‌లో 38 కన్నా కాస్త తక్కువ. మే నెలలో బెజవాడ ఆ గీత దాటడం మామూలే. మన ఎండలో ఉక్కు కవచం తొడుక్కున్న వీరుడు శత్రువు రాకముందే కూలబడతాడు.

అంటే కృష్ణా డెల్టాలో కథ నడిపేవారికి కావలసిన మంత్రాలు వేరు. ఒళ్లు చల్లగా ఉంచే కవచం ఇక్కడ ప్లస్ త్రీ కన్నా విలువైంది. కాలవలూ పాయలూ లంకలూ ఉన్న నేలలో నీట మునగని కవచం కావాలి. బందరు తీరపు ఉప్పు గాలికి తుప్పు పట్టనిది కావాలి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన లాంటిది కథలో వస్తే, బరువు కవచమే వీరుడి చావుకు కారణమవుతుంది. అప్పుడు కవచాన్ని విప్పి పారేయాలా, ఉంచుకోవాలా అన్నది ఆటగాడి ముందు నిలిచే అసలైన ప్రశ్న.

తేలిక కవచానికి నమూనా కూడా మన దగ్గరే ఉంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెక్క చేతికి దూదిలా తగులుతుంది. కూచిపూడి భాగవతుల భుజకీర్తులు, కిరీటాలు కూడా తేలిక చెక్క మీద తీర్చినవే. రాత్రంతా ఆడాలి కదా. మంత్రంతో ఇనుమంత గట్టిపడి, నీటిలో పడవలా తేలే పొణికి పలకల కవచం, నిప్పు తగిలితే మాత్రం భగ్గుమనేది, డెల్టా కథకు చక్కగా అతుకుతుంది. దానికి గుణమూ ఉంది, సందూ ఉంది.

తూకం

అన్నీ చూశాక నా తీర్పు ఇది. అంకెల కవచం లెక్కకు అవసరం, కథకు చాలదు. గుణాల కవచం ఆడే తీరును మారుస్తుంది, కానీ ఎవరికైనా బిగించగలిగితే చప్పబడిపోతుంది. చోటును బట్టి లెక్కించే కవచం నిజానికి దగ్గరగా ఉంటుంది, పోరాటాన్ని మాత్రం నెమ్మదిగా చేస్తుంది; పెద్ద యుద్ధాల్లో దాన్ని వదిలేసి, ద్వంద్వ యుద్ధాలకు వాడుకోవడం మేలు. ఈ మూడింటికన్నా ఎక్కువకాలం గుర్తుండేది షరతు ఉన్న కవచం. భారతం చెప్పిన ప్రతి అభేద్య కవచానికీ ఎక్కడో ఒక సందు ఉంది: కర్ణుడికి దానగుణం, దుర్యోధనుడికి తొడలు, ద్రోణుడి కట్టుకు అరచేతులు. ఆ సందు లేకపోతే కథే లేదు.

కాబట్టి మీ ఆటలోకి మంత్ర కవచం తెచ్చే ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి: ఎవరు ఇచ్చారు? దేన్ని ఆపుతుంది? సందు ఎక్కడ? ఎప్పుడు, ఎలా పోతుంది? నాలుగింటికీ జవాబు ఉంటే అంకె వేయకపోయినా ఫరవాలేదు. ఒక్కదానికీ లేకపోతే ప్లస్ ఫైవ్ వేసినా ఎవరికీ గుర్తుండదు. ఈ జవాబులు తెలుగులో రాయండి, తెలుగులో ఆడించండి. భారతం విన్నవారికీ చందమామ చదివినవారికీ ఈ ఆట నియమాలు ఒక్క సాయంత్రంలో పట్టుబడతాయి. మొదలుపెట్టడానికి ఒక బల్ల, నలుగురు మిత్రులు, కొన్ని పాచికలు చాలు.